విరసం సరసం కొరకే

వెనిస్‌లో ఒక హోటల్ గది. భోజనం బల్లకు అటూ ఇటూ ఇద్దరు. ఆయన బ్యారన్‌నని చెప్పుకున్నాడు, ఆవిడ కౌంటెస్‌నని చెప్పుకుంది. ఇద్దరూ దొంగలే. తింటూ తింటూ ఆవిడ తాపీగా అంటుంది, మీరు దొంగ, పక్క గదుల పెద్దమనిషిని దోచింది మీరే అని. అనేసి, ఆ ఉప్పు ఇలా ఇవ్వండి అంటుంది. ఆయన ఉప్పు అందిస్తాడు. మీరూ దొంగే, నేను కొట్టేసిన పర్సు నా జేబులోంచి మీరు కొట్టేశారు అంటాడు. లేచి తలుపు గడియ వేసి, తెర లాగి, ఆవిడ భుజాలు పట్టుకుని కుదిపితే పర్సు కిందపడుతుంది. మళ్లీ ఇద్దరూ కూర్చుని భోజనం సాగిస్తారు. ఇందులో ఒక రాయి చాలా మంచిదంటూ ఆయన ఆవిడ పిన్ను తీసి తిరిగిస్తాడు. టైమెంతయింది అని ఆవిడ అడుగుతుంది. ఆయన జేబు తడుముకుంటాడు. గడియారం ఆవిడ దగ్గరుంది. ఐదు నిమిషాలు వెనక నడుస్తోంది, సరిచేశాను అంటూ ఇస్తుంది. ఇక అయిపోయిందనుకునేలోగా ఆయన, మీ మేజోడు పట్టీ మాత్రం నేనే ఉంచుకుంటాను అంటాడు. ఆవిడ చెయ్యి గభాలున కాలి మీదికి పోతుంది. పట్టీ లేదు. లేచొచ్చి ఆయన్ని వాటేసుకుంటుంది.

ఎర్న్‌స్ట్ లూబిచ్ 1932లో తీసిన 'ట్రబుల్ ఇన్ ప్యారడైజ్' మొదట్లోనే వచ్చే సీను ఇది. ఆవిడ మిరియం హాప్‌కిన్స్, ఆయన హెర్బర్ట్ మార్షల్. నేను చూసిన ప్రేమ సన్నివేశాల్లో దీన్ని మించింది లేదు. అందాన్ని పొగడటం లేదు, చందమామ ప్రస్తావన లేదు. ఒకరి పనితనాన్ని ఒకరు గుర్తుపట్టడం ఉంది. ఇన్నాళ్లకు నాకు సాటి వచ్చే మనిషి దొరికింది అన్న సంతోషం ఆ ఇద్దరి మొహాల్లో ఉప్పొంగుతూ ఉంటుంది.

దీనికి మనకు చక్కని మాట ఉంది. సరసం. ఇప్పుడు దాన్ని ఏదో చాటుమాటు వ్యవహారానికి వాడేస్తున్నాం గానీ, మా అమ్మమ్మ నోట ఆ మాటకు అర్థం వేరు. పెళ్లిళ్లలో బావామరదళ్లు ఒకరి మాట ఒకరు పట్టుకుని లాగడం, విసిరిన మాట కింద పడకుండా అందుకుని తిప్పి విసరడం, తగిలినా నవ్వగలగడం, ఇదంతా ఆవిడ లెక్కలో సరసం. సరసము విరసము కొరకే అని చిన్నప్పుడు బళ్లో పద్యం వల్లెవేశాం. నేను చెప్పబోయే సినిమాల్లో అది తిరగబడి ఉంటుంది. విరసంతో మొదలై సరసంలోకి వస్తారు.

సుమారు 1932 నుంచి 1943 దాకా హాలీవుడ్ తీసిన ప్రేమ హాస్యచిత్రాల్లో ఒక పాతిక ముప్పై నాకు ప్రాణం. వాటి గురించి ఎవరు రాసినా నలుపు తెలుపు వెలుగునీడల గురించి, పట్టు గౌన్ల గురించి, ఆ రోజులే వేరు అని రాస్తారు. నాకు ఆ రోజుల మీద బెంగ లేదు, నేను ఆ రోజుల్లో పుట్టలేదు. ప్రేమంటే ఇద్దరు సమఉజ్జీలు కలిసి ఆడుకోవడం అని ఆ సినిమాలు నమ్మాయి. ఆట మొదలవాలంటే మగవాడు తన గాంభీర్యాన్ని గుమ్మం బయట విడిచి రావాలని కూడా నమ్మాయి. ఆ రెండో నమ్మకం నాకు మరెక్కడా ఇంత గట్టిగా కనపడలేదు. నా వాదనంతా దాని గురించే.

తొంభైల చివర్లో తెనాలిలో మా ఇంటికి కేబుల్ కనెక్షన్ వచ్చింది. పగలు కార్టూన్ నెట్‌వర్క్ వచ్చే చానల్లోనే రాత్రయితే పాత ఇంగ్లీషు సినిమాల చానల్ టీఎన్‌టీ వచ్చేది. టామ్ అండ్ జెర్రీ అయిపోయి, అదే తెర మీద ఎంజీఎం స్టూడియో సింహం గర్జించేది. పక్కింటి పిల్లలు లేచి ఇళ్లకు పోయేవాళ్లు. నేను కదిలేదాన్ని కాదు. నాది తెలుగు మీడియం, తెర కింద అక్షరాలు లేవు, వాళ్ల ఇంగ్లీషు వానజల్లులా పడేది. సగం కూడా అర్థమయ్యేది కాదు. అయినా ఆ నడక తెలిసేది. బుర్రకథలో కథకుడు మాట ఎత్తుకోగానే పక్కనున్న వంత అందుకున్నట్టు, ఒకరు మొదలుపెట్టిన వాక్యంలోకి రెండోవారు దూరి దాన్ని ఇంకెక్కడికో తీసుకుపోయేవాళ్లు. అర్థం తెలియకుండానే నేను నవ్వేదాన్ని.

ఒక రాత్రి 'బ్రింగింగ్ అప్ బేబీ' వస్తోంది. అమ్మ ఆరిన బట్టలు మడతపెడుతూ కాసేపు చూసింది. క్యాథరిన్ హెప్బర్న్ గలగలా మాట్లాడుతూనే ఉంది, క్యారీ గ్రాంట్‌ను నోరు తెరవనివ్వడం లేదు. "ఆ పిల్ల అంతలా మాట్లాడుతుంటే ఆ అబ్బాయికి చెయ్యి లేవడం లేదేమే?" అని అడిగింది అమ్మ. మామూలుగానే అడిగింది, ఎందుకంటే మేము చూసే సినిమాల్లో ఈపాటికి చెంప పగిలి ఉండేది. నాకు అప్పుడు జవాబు తెలియలేదు.

ఆ సినిమాలో గ్రాంట్ వేషం ఒక ఎముకల శాస్త్రవేత్త. నాలుగేళ్లుగా బ్రాంటోసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం పేర్చుతున్నాడు, ఒక్క ఎముక తక్కువైంది. మర్నాడు పెళ్లి. చేసుకోబోయే అమ్మాయి మన పెళ్లి నీ పనికి అంకితం అని ముందే చెప్పేసింది. అలాంటి మనిషి జీవితంలోకి హెప్బర్న్ ఒక చిరుతపులిని వెంటేసుకుని వస్తుంది. పెద్ద హోటల్లో ఒక సీను. అతని కోటు ఆవిడ చేతిలో చిరిగింది. కాసేపటికి ఆవిడ గౌను వెనక భాగం అతని కాలి కింద చిరిగి ఊడొచ్చింది. ఆవిడకు తెలియదు, కోపంగా దూసుకుపోబోతోంది. అతను చెప్పాలని చూస్తాడు, వినదు. చివరికి తన టోపీ అడ్డంపెట్టి కాచుకుంటాడు. విషయం తెలిశాక ఆవిడ గోడకు ఆనుకుంటుంది. ఇక దారి ఒక్కటే. అతను ఆవిడ వీపుకు అంటుకున్నట్టు నిలబడతాడు, కుడికాలు కుడికాలు, ఎడమకాలు ఎడమకాలు, ఇద్దరూ కవాతు చేస్తున్నట్టు జనం మధ్యలోంచి నడిచి బయటపడతారు.

అరక్షణం ముందు పోట్లాడుకుంటున్న ఇద్దరికి అడుగులు కలిశాయి. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. ఒకరి పరువు ఒకరు కాపాడటానికి ఇద్దరూ నవ్వులపాలవడానికి సిద్ధపడ్డారు. పెళ్లి మంత్రాల్లో ఏడడుగుల గురించి విన్నప్పుడల్లా నాకు ఆ నడక గుర్తొస్తుంది. సినిమా ముగిసేలోపు అతని కళ్లద్దాలు పోతాయి, మ్యూజియానికి రావలసిన విరాళం చేజారినంత పనవుతుంది, నాలుగేళ్ల అస్థిపంజరం కుప్పకూలుతుంది. అయినా ఆ రోజే తన జీవితంలో అన్నిటికంటే మంచి రోజని అతనే ఒప్పుకుంటాడు. అమ్మ ప్రశ్నకు జవాబు అక్కడుంది. అతనికి కోపం వచ్చింది. కానీ ఆ కోపంలో కూడా అతనికి బాగుంది.

1938లో ఈ సినిమా ఆడలేదు. అదే ఏడు థియేటర్ల యజమానుల సంఘం ఒకటి ప్రకటన వేసి, హెప్బర్న్ పేరును టిక్కెట్లు తెగనివ్వని తారల జాబితాలో పెట్టింది. ఆవిడ తన స్టూడియో ఆర్‌కేఓకు ఎదురు డబ్బు కట్టి కాంట్రాక్టు వదిలించుకుని బయటికొచ్చింది. ఆ వెంటనే చేసిన సినిమా 'హాలిడే'. నా మాటకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం దొరకదు. న్యూయార్క్‌లో ఒక బ్యాంకరు మేడ. కింద హాల్లో నిశ్చితార్థం పార్టీ, పెద్దమనుషులు, షేర్ల కబుర్లు. పై అంతస్తులో చిన్నప్పుడు పిల్లలు ఆడుకున్న గది ఒకటి ఇంకా అలాగే ఉంది, బొమ్మలతో సహా. పెళ్లికూతురి అక్క, అంటే హెప్బర్న్, కిందికి దిగడానికి ఇష్టపడక అక్కడ కూర్చుంది. పెళ్లికొడుకు గ్రాంట్ పైకి వస్తాడు. వచ్చాక ఇద్దరూ పిల్లిమొగ్గలు వేస్తారు. ఆవిడ అతని భుజాల మీదికెక్కి నిలబడుతుంది, ఇద్దరూ కలిసి ముందుకు దొర్లుతారు. అంతే. ఎవరు ఎవర్ని చేసుకోవాలో మనకు తెలిసిపోతుంది. కింద హాలుతో పెళ్లి కుదిరింది, పై గదిలో ప్రేమ కుదిరింది.

గ్రాంట్‌కు ఆ పిల్లిమొగ్గలు ఎవరో డూపు వేసినవి కావు. అతని అసలు పేరు ఆర్చిబాల్డ్ లీచ్. 1904లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పేద ఇంట్లో పుట్టాడు. కుర్రతనంలోనే పెండర్ ట్రూప్ అనే విన్యాసాల బృందంలో చేరి, 1920లో వాళ్లతో పాటు అమెరికా వచ్చాడు. కింద పడటం అతనికి వచ్చిన విద్య. అంత అందగాడు, సూటు అంత నప్పిన మనిషి, ఎప్పుడైనా తలకిందులవడానికి సిద్ధంగా ఉండటమే అతని గొప్పతనం. మన హీరోలు కూడా బ్రహ్మాండమైన నటులు, డాన్సర్లు. కానీ కథానాయిక ముందు కాలు జారి పడే సీను ఎంతమంది ఒప్పుకుంటారు? పడాల్సిన పని మనం కమెడియన్‌కు అప్పగించేశాం. ప్రేమ హీరోకి, నవ్వులపాలవడం కమెడియన్‌కి. ఆ పంపకంలో మనం పోగొట్టుకున్నది చిన్నదేం కాదు.

గ్రాంట్ పడిపోయే సీన్లలో నాకు ఎక్కువ ఇష్టమైనది లియో మెకేరీ తీసిన 'ద ఆఫుల్ ట్రూత్' (1937)లోది. భార్యాభర్తలు విడాకులకు వెళ్లారు, కుక్క ఎవరి దగ్గర ఉండాలో కూడా కోర్టులో తేలింది. భార్య ఐరీన్ డన్. ఆవిడ సంగీతం మాస్టారితో ఏదో ఉందని అనుమానించి గ్రాంట్ అక్కడికి తోసుకుని వెళ్తాడు. తీరా చూస్తే అక్కడ కచేరీ. వరసగా కుర్చీల్లో జనం, పియానో పక్కన నిలబడి భార్య పాడుతోంది. సిగ్గుపడి వెనక కుర్చీలో కూర్చుని, వెనక్కు వాలి, కుర్చీతో సహా పక్కనున్న బల్లతో సహా దబ్బున పడతాడు. లేవబోయి ఇంకా చిక్కుకుంటాడు. డన్ పాట ఆపదు. పాట ఆఖరికొచ్చేసింది, చివరి స్వరాలు మిగిలాయి. ఆ స్వరాల్లోకి నవ్వు వచ్చేస్తుంది. నవ్వు పాటను చెడగొట్టదు, శ్రుతిలోనే కలిసి దానితో పాటే ముగుస్తుంది. ఈ మనిషిని నేను వదులుకోలేను అని ఆవిడకు తెలిసింది ఆ రెండు స్వరాల మధ్యే. ఒక్క మాట లేదు. నేను ఎన్నిసార్లు చూసినా అక్కడ నాకు కళ్లు చెమరుస్తాయి.

అప్పటికి డన్‌కు ముప్పై ఎనిమిదేళ్లు, గ్రాంట్ ఆవిడ కంటే ఐదేళ్లు చిన్న. ఇది పట్టించుకోవలసిన సంగతి. సరసానికి వయసు కావాలి, కొంత జీవితం చూసి ఉండాలి. ఎదుటివాడి మాటలో ఏది బింకం, ఏది నిజం అని పట్టుకోగల అనుభవం ఉండాలి. ఇరవయ్యేళ్ల పిల్లను తెచ్చి యాభై ఏళ్ల హీరో పక్కన నిలబెడితే ఆవిడకు కళ్లు పెద్దవి చేయడం తప్ప ఏం మిగులుతుంది?

ఈ సినిమాలు బాగుండటానికి కారణం సెన్సారేనని ఒక సిద్ధాంతం ఉంది. ముద్దులు చూపించనివ్వలేదు కాబట్టి మాటలు పదునెక్కాయట. నేను ఒప్పుకోను. ఆ నియమావళి 1930లోనే రాసుకున్నారు గానీ, సెన్సారు అధికారి జోసెఫ్ బ్రీన్ చేతికి పగ్గాలొచ్చి కచ్చితంగా అమలైంది 1934 జూలై నుంచి. మొదట చెప్పిన లూబిచ్ సినిమా 1932ది. ఏది కావాలంటే అది చూపించే వీలున్న రోజుల్లోనే ఆయన మూసిన తలుపును, గడియారం ముళ్లను చూపించి ఊరుకున్నాడు. బ్రీన్ వచ్చాక ఆ సినిమాను మళ్లీ విడుదల కూడా చేయనివ్వలేదు. ఇక అందరికీ దారి చూపిన 'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్' వచ్చింది 1934 ఫిబ్రవరిలో. అంటే పద్ధతి ముందే కుదిరింది, కట్టడి తర్వాత వచ్చింది. కట్టడి ఉన్నంత మాత్రాన సరసం పుట్టేటట్టయితే మన సినిమాల్లో అది పొంగిపొర్లాలి.

అసలు కారణం నా లెక్కలో మాట్లాడటం తెలిసిన రచయితలు. 1927 తర్వాత సినిమాకు నోరొచ్చింది. దానికి మాటలు కావాలి. న్యూయార్క్ నాటకరంగం నుంచి, షికాగో పత్రికాఫీసుల నుంచి రాయగలిగిన వాళ్లంతా రైలెక్కి పడమటికొచ్చారు. వాళ్లకు వీధి భాష తెలుసు, మాట ఎక్కడ తుంచాలో తెలుసు. 'హిజ్ గర్ల్ ఫ్రైడే' (1940) అలా పత్రికాఫీసు నాటకంలోంచి వచ్చిందే. నాటకంలో ఇద్దరూ మగవాళ్లు, ఎడిటరూ రిపోర్టరూ. దర్శకుడు హవార్డ్ హాక్స్ రిపోర్టర్‌ను ఆడమనిషిని చేశాడు, పైగా ఎడిటర్‌కు మాజీ భార్యను చేశాడు. ఆ వేషం రోజలిండ్ రసెల్‌ది. చాలామంది కాదన్నాక తనదాకా వచ్చిన వేషమది. గ్రాంట్‌కు దీటుగా తన డైలాగులు ఉండాలని సొంత డబ్బుతో ఒక రచయితను పెట్టుకుని పదును పెట్టించుకుంది. ఆ సినిమాలో ఒకరి మాట పూర్తికాకుండా మరొకరి మాట పడుతుంది, మనకు ఊపిరాడదు. ఆవిడకు మాత్రం ఎక్కడా ఆయాసం రాదు.

'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్' గురించి రెండు ముక్కలు చెప్పకుండా ముందుకు పోలేను. ఇంట్లోంచి పారిపోయిన కోటీశ్వరుడి కూతురు క్లాడెట్ కోల్బేర్, ఉద్యోగం పోయిన విలేకరి క్లార్క్ గేబుల్, ఒకే బస్సులో. దాన్ని తల్చుకునే వాళ్లంతా ఆవిడ రోడ్డు మీద గౌను కాస్త పైకెత్తి కారు ఆపించడం గురించే చెబుతారు. లేదంటే ఇద్దరి మంచాల మధ్య తాడుకు వేలాడదీసిన దుప్పటి గురించి. నాకు ఇష్టమైంది మర్నాటి పొద్దున. ఆవిణ్ణి వెతుకుతూ డిటెక్టివులు గదికొస్తారు. గేబుల్ ఒక్కసారిగా మొగుడి వేషంలోకి దిగి ఆవిడ మీద అరవడం మొదలెడతాడు. ఆవిడ క్షణం తడబడదు, జుట్టు చెరుపుకుని ప్లంబర్ కూతురిలా గొంతు చించుకుని ఏడుస్తూ తిరిగి అరుస్తుంది. ఈ గోల భరించలేక డిటెక్టివులు పోతారు. తలుపు మూసుకోగానే ఇద్దరూ విరగబడి నవ్వుకుంటారు. అతను ఆవిడ బొత్తాలు సర్దుతాడు, నీకు బుర్ర ఉందే అంటాడు. అంతదాకా అతని కళ్లకు ఆవిడ గారాబం పిల్ల, ఆవిడ కళ్లకు అతను మోటు మనిషి. కలిసి ఒక నాటకం ఆడాక లెక్క మారిపోయింది. తీస్తున్నప్పుడు కోల్బేర్‌కు ఆ సినిమా మీద నమ్మకమే లేదు. ఆస్కార్ రాత్రి రైలెక్కబోతుంటే స్టేషన్‌కు వెళ్లి పిలుచుకొచ్చారు. చిత్రం, దర్శకత్వం, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే, ఐదు ముఖ్యమైన బహుమతులూ దానికే వచ్చాయి.

ఆ కథే 1956లో రాజ్‌కపూర్, నర్గిస్‌లతో 'చోరీ చోరీ' అయింది, 1991లో 'దిల్ హై కే మాన్‌తా నహీ' అయింది. కథ మనదాకా వచ్చింది. ఆ ఎదురు మాట్లాడే తీరు రాలేదనను, వచ్చింది, కొన్నాళ్లు ఉంది కూడా. 'మిస్సమ్మ' (1955)లో సావిత్రి రామారావును పట్టుకుని దులిపేస్తుంటే ఆయన మొహంలో కోపంతో పాటు ఒక సరదా ఉంటుంది చూడండి, అది ఈ కోవదే. తర్వాత్తర్వాత మనకు పొగరుబోతు పిల్ల, ఆ పొగరు అణిచే హీరో మిగిలారు. సరసం స్థానంలోకి శిక్షణ వచ్చింది.

ఆ పాత సినిమాల్లో లోపాలు లేవని చెప్పను. ప్రేమించినదాన్ని ఉన్నదున్నట్టు చూడాలి. నల్లజాతి వాళ్లు వాటిలో పనివాళ్లుగా, రైల్లో సామాన్లు మోసేవాళ్లుగా తప్ప కనపడరు, వాళ్లతో సరసమాడే తీరిక ఏ కథకూ లేదు. అమెరికాలో నలుగురిలో ఒకరికి పని లేని రోజుల్లో మొదలైన సినిమాలివి. 'మై మ్యాన్ గాడ్‌ఫ్రీ' (1936) చెత్తకుప్పల పక్కన బతికే నిరుద్యోగుల దగ్గర ధైర్యంగా మొదలవుతుంది, హీరో పుట్టుకతో డబ్బున్నవాడేనని తేల్చేసి ఆ ధైర్యాన్ని చివర్లో చేజార్చుకుంటుంది. గేబుల్ కూడా కోల్బేర్‌ను భుజాన వేసుకుని నడుస్తూ ఒక దెబ్బ వేస్తాడు. ఇక అందరూ నెత్తిన పెట్టుకునే 'ద ఫిలడెల్ఫియా స్టోరీ' (1940) నాకు నచ్చదు. మొదటి సీన్లోనే గ్రాంట్ హెప్బర్న్ మొహం మీద అరచెయ్యి పెట్టి కిందికి తోస్తాడు. మధ్యలో తండ్రి తన చాటు వ్యవహారానికి కూతురి కఠినత్వమే కారణమని పాఠం చెబుతాడు, సినిమా ఆయన్ని సమర్థిస్తుంది. సినిమా అంతా ఒక తెలివైన స్త్రీని కాస్త తగ్గమని చెప్పడానికే నడుస్తుంది. మెరిసే మాటలున్నాయి, జేమ్స్ స్టీవర్ట్‌కు ఆస్కార్ వచ్చింది, కాదనను. కానీ ఆట ఒకవైపే వంగిపోయింది. రెండేళ్ల ముందు అదే హెప్బర్న్, అదే గ్రాంట్, అదే దర్శకుడు క్యూకర్, అదే నాటక రచయిత కథతో తీసిన 'హాలిడే' పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

ఆ కాలపు తారల్లో ఒక్కరిని ఎంచుకోమంటే బార్బరా స్టాన్విక్ అంటాను. బ్రూక్లిన్‌లో పుట్టింది, నాలుగేళ్లకే తల్లి పోయింది, తండ్రి వదిలి వెళ్లాడు, పరాయి ఇళ్లలో పెరిగింది, పదిహేను పదహారేళ్లకే డాన్సులు చేసి పొట్టపోసుకుంది. ప్రెస్టన్ స్టర్జెస్ తీసిన 'ద లేడీ ఈవ్' (1941)లో ఓడలో పేకాడి డబ్బున్నవాళ్లను ముంచే పిల్ల వేషం. భోజనశాలలో హెన్రీ ఫోండా ఒంటరిగా పుస్తకం చదువుకుంటున్నాడు, పాముల శాస్త్రం తప్ప లోకం తెలియదు, తండ్రికి బోలెడు ఆస్తి. చుట్టూ ఉన్న ఆడపిల్లలంతా అతని కంట్లో పడాలని పాట్లు పడుతున్నారు. స్టాన్విక్ అతనికి వీపు పెట్టి కూర్చుని, పౌడరు డబ్బీలోని చిన్న అద్దంలో ఇదంతా చూస్తూ, ఒక్కో పిల్లా ఏం చేయబోతోందో, అతను ఏమనుకుంటున్నాడో తన గొంతుతో చెబుతూ పోతుంది. మనం సినిమాను ఆవిడ అద్దంలోంచే చూస్తాం. అతను లేచి వెళ్తుంటే కాలు అడ్డం పెడుతుంది. పొడుగాటి మనిషి నిలువునా పడతాడు. అక్కణ్ణుంచి ఫోండా ఆ సినిమాలో ఎన్నిసార్లు పడతాడో, ఎన్ని సూట్లు పాడుచేసుకుంటాడో! పడిన ప్రతిసారీ కాస్త మంచివాడవుతాడు.

కెరోల్ లంబార్డ్ విషయం తల్చుకుంటే మనసు బరువెక్కుతుంది. నటుడు విలియం పవెల్‌తో 1931లో పెళ్లయి 1933లో విడిపోయింది. మూడేళ్ల తర్వాత గాడ్‌ఫ్రీ వేషానికి పవెల్‌ను పిలిస్తే, కథానాయికగా లంబార్డే ఉండాలని పట్టుబట్టాడు. విడిపోయిన భార్య కంటే ఆ వేషానికి తగినవాళ్లు లేరని తెలిసి, ఆ మాట పైకి అన్నాడు. తెర మీద చూపించిన మర్యాద బయట కూడా ఉందనడానికి నాకు అదొక్కటి చాలు. 1942 జనవరిలో సొంత రాష్ట్రం ఇండియానాలో యుద్ధ బాండ్లు అమ్మి, ఒక్కరోజులో ఇరవై లక్షల డాలర్లకు పైగా పోగుచేసి, తిరిగి వస్తూ నెవాడాలో విమానం కొండకు గుద్దుకుని పోయింది. తల్లి కూడా అదే విమానంలో ఉంది. లంబార్డ్‌కు అప్పటికి ముప్పై మూడేళ్లు. ఆఖరి సినిమా లూబిచ్‌దే, ఆవిడ పోయాక విడుదలైంది.

లూబిచ్ దగ్గరికే మళ్లీ వస్తాను. 'ద షాప్ అరౌండ్ ద కార్నర్' (1940). ఆయన తండ్రి బెర్లిన్‌లో దర్జీ, బట్టల వ్యాపారి. కొట్లో యజమాని అడుగుల చప్పుడు వినగానే గుమాస్తాల వీపులు ఎలా నిటారవుతాయో లూబిచ్‌కు చిన్నప్పుడే తెలుసు. ఈ కథ బుడాపెస్ట్‌లోని ఒక సామాన్ల కొట్లో. జేమ్స్ స్టీవర్ట్, మార్గరెట్ సల్లవన్ అక్కడ ఉద్యోగులు, క్షణం పడదు. ఇద్దరూ పేర్లు చెప్పుకోకుండా ఎవరితోనో ఉత్తరాల్లో ప్రేమలో ఉన్నారు. ఆ ఎవరో ఒకరికొకరే. ముందు అతనికి తెలుస్తుంది. కలుసుకోవలసిన కాఫీ హోటల్‌కు వెళ్లి, సంగతి చెప్పకుండా ఎదుట కూర్చుంటాడు. ఆవిడ అతన్ని కడిగేస్తుంది. నీకు గుండె ఉండాల్సిన చోట చేతిసంచి ఉంది, బుర్ర ఉండాల్సిన చోట వెలగని లైటరు ఉంది అంటుంది. ఆ మాట ఎంత బాగా అన్నావో అని అతను పైకే మెచ్చుకోకుండా ఉండలేకపోతాడు. ఒకరికి తెలిసి ఒకరికి తెలియని ఆ ఆటలో అన్యాయం ఉందని నాకు చాలాకాలం అనిపించింది. ఇప్పుడు అనిపించదు, ఎందుకో చెబుతాను.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు లాప్‌టాప్‌ను టీవీకి తగిలించి, ఈ సినిమా అమ్మానాన్నలకు చూపించాను. ఆగి ఆగి మాటలు తెలుగులో చెబుతూ. నాన్న ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో పనిచేశారు. కాఫీ హోటల్ రాత్రి తర్వాత ఒక సీనుంది. పోస్టాఫీసు పెట్టెల వరస. కెమెరా లోపలి వైపున ఉంటుంది. 237వ నంబరు పెట్టె తలుపు తెరుచుకుని గ్లవుజు తొడుక్కున్న ఒక చెయ్యి లోపలికొస్తుంది. ఖాళీ. వేళ్లు అడుగంతా తడుముతాయి. చెయ్యి వెనక్కుపోయి, ఆ చిన్న చదరంలో సల్లవన్ మొహం కనపడుతుంది. లోపలికి చూస్తుంది, అంతే.

నాన్న ఆపమన్నారు. "ఇది మేం నిలబడే చోటు" అన్నారు. నాకు వెంటనే అర్థం కాలేదు. "పెట్టెల వెనక ఉత్తరాలు సర్దేవాడు నిలబడే చోటు. అటునుంచి వాళ్లు తలుపు తీస్తే మాకు చేతులే కనపడతాయి. ఉత్తరం ఉన్న చెయ్యి టక్కున పోతుంది. లేని చెయ్యి ఇలాగే, ఓసారి మూలలన్నీ చూసుకుని పోతుంది" అన్నారు. ముప్పై ఏళ్లలో ఆయన ఈ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు. ఎంతోమంది రాసిన విశ్లేషణలు చదివాను గానీ, ఆ కెమెరా ఎవరి కళ్లతో చూస్తోందో నాకు నాన్న చెప్పేదాకా తెలియదు.

చివరి సీను క్రిస్మస్ ముందు రాత్రి, దీపాలార్పిన కొట్లో. ఆ ఉత్తరాలు రాసింది తనేనని స్టీవర్ట్ బయటపెడతాడు. ఆవిడ నిర్ఘాంతపోతుంది. కాసేపాగి ఒకే ఒక్కటి అడుగుతుంది. అతను దొడ్డికాళ్లవాడేమోనని ఆవిడకు ఎప్పటినుంచో అనుమానం, ప్యాంటు పైకెత్తి కాళ్లు చూపించమంటుంది. ఇన్నాళ్లూ అన్నీ తెలిసి ఆడించిన మనిషి, కొట్టుకు మేనేజరు, ఇప్పుడు ఎదురు చెప్పకుండా రెండు చేతులతో ప్యాంటు ఎత్తి, సన్నటి పిక్కలు, మేజోళ్ల పట్టీలు కనపడేలా నిలబడతాడు. అతను తీర్చవలసిన బాకీ అది, తీర్చేశాడు.

అమ్మ అంతసేపూ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నాన్న వైపు ఓసారి చూసి, మళ్లీ నా వైపు తిరిగి, "ఆ ప్యాంటు పైకెత్తేది ఇంకోసారి పెట్టవే" అంది.